మాణిక్యం పిడకలు

మాణిక్యం దోసకాయ చేదుండదు. ఈ ఒక్క సంగతి మీద ఆవిడ ముప్ఫై ఏళ్లుగా బతుకుతోంది. అమలాపురంలో మూతబడ్డ రైసుమిల్లు ఆవరణలో ప్రతి ఆదివారం పొద్దున్న రైతుల సంత జరుగుతుంది. అక్కడ వేరే ఎవరి దగ్గర దోసకాయ కొన్నా జనం తొడిమ దగ్గర చిన్న ముక్క కోయించుకుని నాలిక మీద పెట్టుకుని చూస్తారు. ఈవిడ దగ్గర ఎవరూ కోయమనరు. కొత్తవాళ్లెవరైనా కోయమంటే ఆవిడ మర్యాదగానే పక్క దుకాణం చూపిస్తుంది. వాళ్లు అటు వెళ్లి, రెండు చేదు ముక్కలు ఉమ్మి, మళ్లీ ఇటే వస్తారు.

కోడలు క్రిస్టీనాకి మొదట్లో ఇది పొగరనిపించింది. క్రిస్టీనా రాజోలులో పుట్టి పెరిగి అక్కడే బీకాం చదివిన పిల్ల. మాణిక్యం కొడుకు ఉదయ్‌ని చేసుకుని ఏడాది కాలేదు. ఉదయ్ మస్కట్‌లో ఏసీలు బాగుచేస్తాడు. పెళ్లైన నలభయ్యో రోజున విమానం ఎక్కేశాడు. ముక్తేశ్వరం దగ్గర అత్తవారి ఊళ్లో, అత్తా మామా గోదారి లంకలో పొలానికి పోయాక ఖాళీ ఇంట్లో ఫోను చూసుకుంటూ కూర్చోలేక, సంతకి తనూ వస్తానని క్రిస్టీనాయే అడిగింది. వచ్చిన మొదటి వారమే అత్తగారికి వ్యాపారం రాదని తేల్చేసింది. బోర్డు లేదు, పేరు లేదు, పిలుపు లేదు. రెండో వారం ఒక అట్టముక్క మీద ‘లంక దోస. చేదు ఉండదు, గ్యారంటీ’ అని రాసి నిలబెట్టింది. మాణిక్యం దాన్ని చదివించుకుని విని, కాయలకి ఎండ తగలకుండా అడ్డం పెట్టింది. మూడో వారానికి క్రిస్టీనా నోరు మూసుకుంది. ఎనిమిదింటికల్లా గంప ఖాళీ అయిపోతుంటే ఇంక బోర్డెందుకు?

ఆ కాయ ఊరికే రాలేదు. ముప్ఫై ఏళ్ల కిందట మాణిక్యం ఎవరిదో లంకపొలంలో కూలికి వెళ్లేది. ఒక వరద తీశాక ఒండ్రులో తనంతట తానే మొలిచిన దోసపాదు కనబడింది. ఎక్కడి గింజో, గోదారి తెచ్చి పడేసింది. ఆకలేసి మొదటి కాయని తొడిమ వైపు నుంచే కొరికింది. చేదు లేదు. ఆ కాయ గింజలు చీరకొంగున కట్టుకుని ఇంటికి తెచ్చింది. అప్పట్నించీ ఏటా ఒకటే పద్ధతి. పండిన కాయల్లో వందో రెండొందలో ఏరి, ఒక్కొక్కదాని తొడిమ దగ్గర ముక్క కోసి నమిలి ఉమ్మేస్తుంది. చేదు కాస్త తగిలినా ఆ కాయ గేదెకి. తియ్యగా ఉన్నదీ ఆవిడకి నచ్చదు. మంచినీళ్లు నమిలినట్టు ఉండాలట. అలాంటివి పన్నెండు దొరికితే చాలు. రోజంతా నమిలి సాయంత్రానికి నాలిక మొద్దుబారి అన్నం రుచి తెలియదు. కాయలు వందకి పైగా ఉంటే రెండ్రోజులు, మూడ్రోజులు నములుతుంది గానీ తొందరపడదు. ఇంత ఓపికతో పని చేసేవాళ్లని వెతకాలంటే దీపం పట్టుకుని తిరగాలి.

ఆ పన్నెండు కాయల గింజల్ని బూడిదలో కలిపి, నీడన ఆరబెట్టి, పచ్చి పేడలో పెట్టి పిడకలు కొడుతుంది. ఒక కాయ గింజలు ఒక పిడకకి. గోడకి కొట్టిన పిడక ఎండాక వెనకాల బొగ్గుతో గీతలు పెడుతుంది: మామూలు మంచివాటికి ఒకటి, ఇంకా మంచివాటికి రెండు. పన్నెండిట్లో అన్నిటికన్నా మంచిదానికి మూడు. వరద నెలలన్నీ ఆ గింజకి పురుగు లేదు, చెమ్మ లేదు. నీళ్లు తీసి లంక బయటపడ్డాక, కార్తీకంలో పిడకలు విరిచి గింజ పెడుతుంది.

మధ్యలో నాలుగేళ్లు ఆవిడ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. అప్పుడు కూడా గింజ తప్పలేదు. భర్త ఏలీయా చేత ఫోన్లోనే నమిలించేది. ఆయన నమిలి బాగుందనేవాడు. ఎలా బాగుందో చెప్పమనేది. ఆయనకి చెప్పడం రాక ఇంకో ముక్క నమిలేవాడు. ఆ నాలుగేళ్లూ తన నాలిక తనది కాదని ఏలీయా ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఒక్కటే లోపం. ఆ గింజ ఎవరికీ ఇవ్వదు. వేరేవాళ్లు పక్కనే చేదు బుడమకాయ పాదు పెడతారు, తేనెటీగ దాని మీదా దీని మీదా వాలుతుంది, మరుసటేడు చేదు తిరుగుతుంది, పేరు మాత్రం మాణిక్యం దోసని ఉండిపోతుంది. ఇది ఆవిడ వాదన. సంతలో పక్క దుకాణం అబ్బులు అరటిగెలలు, పిలకలు, కొబ్బరాకులు అమ్ముతాడు. ఐదేళ్ల నుంచి అడుగుతున్నాడు. మాణిక్యం పిన్నిగారు పిల్లనైనా ఇస్తారు గానీ గింజ ఇవ్వరని సంతంతా చెప్పుకుని నవ్వుతాడు. ఆవిడా నవ్వుతుంది. ఇవ్వదు.

ఈ ఏడు వరద మూడుసార్లు వచ్చి ఆలస్యంగా తీసింది. శనివారం సాయంత్రానికి లంకలో మట్టి సరైన పదునుకి వచ్చింది. ఒక్కరోజు దాటితే పైన పెచ్చు కడుతుంది, గింజ మొలవదు. అందుకని ఏలీయా పాదులు తవ్వడానికి లంకలోనే ఉండిపోయాడు. సంత కాగానే అత్తాకోడళ్లు తిన్నగా రేవుకి పోయి, పడవ దాటి, ఆ మధ్యాహ్నమే గింజ పెట్టాలని అనుకున్నారు. అలా పన్నెండు విత్తనం పిడకలూ గోనెసంచిలో సంతకొచ్చి బల్లకింద కూర్చున్నాయి. అందులో ఏముందో మాణిక్యం కోడలికి చెప్పలేదు. దాచాలని కాదు. ఎండాకాలంలో వాటిని కొట్టిన రోజుల్లో క్రిస్టీనా రాజోలులో పుట్టింట్లో ఉంది. పిడకల్లో గింజలుంటాయని లంకగాలి తగిలిన చిన్నపిల్లకైనా తెలుసు. తెలియనివాళ్లు ఉంటారని ఆవిడకి తోచలేదు.

బల్ల మీద వేరే పిడకలున్నాయి. అవి క్రిస్టీనా ఆలోచన. కార్తీకంలో పూజలకి పట్నం వాళ్లు పిడకలు అడుగుతున్నారని, పేడని డబ్బా మూతలో అద్ది, గుండ్రంగా, అరచేయంత చిన్నవి చేసింది. పది చొప్పున అట్టపెట్టెల్లో సర్ది తెచ్చింది.

ఆరింటికి మాణిక్యం ఎప్పట్లాగే దుకాణం కోడలికి అప్పజెప్పి, రెండు వీధుల అవతలున్న చర్చిలో మొదటి ఆరాధనకి వెళ్లింది.

ఏడు కాకముందే ఒకావిడ వచ్చింది. పట్టుచీర, చేతిలో చీటీ. దోసకాయల రోజులు కావు గనక, బల్ల మీదున్న పెరటి బీరకాయలు నాలుగు తీసుకుంది. క్రిస్టీనా పిడకలు చూపించింది. ఆవిడ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది.

“ఇవి మెషీన్లో తీసినట్టున్నాయేంటండీ? అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. చేత్తో కొట్టినవి లేవా, వేళ్లు కనబడేవి?”

క్రిస్టీనాకి ఒళ్లు మండింది. ఆ మూతతో రెండ్రోజులు కూర్చుని చేసింది. అయినా కొనేవాళ్లని వదలకూడదని బల్లకింద గోనెసంచి విప్పి చూసింది. పళ్లెమంత పిడకలు, ఒక్కొక్కదాని మీదా అయిదు వేళ్లూ అరచేయీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. ఆవిడ మొహం విప్పారింది. ఇవీ పిడకలంటే అని, పన్నెండూ తీసుకుని, ఫోన్లో డబ్బు కొట్టి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది. క్రిస్టీనా తనలో తను నవ్వుకుంది. అత్తగారు బల్లకింద దాచి మర్చిపోయిన సరుకు కూడా అమ్మేసింది కదా.

ఏడున్నరకి మాణిక్యం తిరిగొచ్చింది. వస్తూ, సంతలో టిఫిన్లమ్మే సత్యదుర్గ దగ్గర, పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు రెండు కోడలికోసం కట్టించుకొచ్చింది. క్రిస్టీనా ఒకటి విప్పి తింటూ, పొద్దున్న బేరాలన్నీ చెప్పి, ఆఖర్న ఇది కూడా చెప్పింది.

“మీ గోనెసంచిలో పెద్ద పిడకలు కూడా అమ్మేసేనండి అత్తయ్యా. పన్నెండూ.”

మాణిక్యం వంగి బల్లకింద చూసింది. ఖాళీ సంచిని తీసి దులిపింది. దాన్ని మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది.

“గింజలమ్మా అవి,” అంది.

క్రిస్టీనాకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. తింటున్న పొట్టిక్క ఆకులో పెట్టేసింది. ఇంట్లో ఇంకేమైనా గింజ ఉందా అని అడిగింది. లేదంది మాణిక్యం. పోయినేటివి? పోయినేటివి మొలవవట. అంటే ముప్ఫై ఏళ్ల గింజ ఆ పట్టుచీర ఆవిడతో ఆటోలో పోయింది. మధ్యాహ్నం పాదులు తవ్వుకుని కూర్చున్న మామగారి ముందు వట్టి చేతులతో దిగాలి.

తిట్టమని కోరుకుంది క్రిస్టీనా. తిడితే ఏడవొచ్చు. మాణిక్యం తిట్టలేదు. ఆ పట్టుచీర ఆవిడ ఇంకేమేం కొందని అడిగింది. క్రిస్టీనా గుర్తుచేసుకుంటూ చెప్పింది: మామిడాకులు, పసుపుకొమ్ములు, ఒక బూడిదగుమ్మడికాయ సంచిలో కనబడ్డాయి. గృహప్రవేశమంది మాణిక్యం. పిడకలు హోమానికి. ముహూర్తం ఇవాళే అయ్యుంటుంది, గుమ్మడికాయ ముందురోజున కొనరు.

క్రిస్టీనా ఫోను తెరిచింది. డబ్బు వేసినావిడ పేరు పద్మశ్రీ అని ఉంది. అంతకుమించి ఏమీ లేదు. అమలాపురంలో ఎంతమంది పద్మశ్రీలు!

ఇదంతా పక్కనుంచి అబ్బులు విన్నాడు. ఆ ఇల్లు తనకి తెలుసన్నాడు. నిన్న పందిట్లోకి కొబ్బరాకులూ, గుమ్మానికి రెండు అరటిచెట్లూ తనే దింపొచ్చాడట. ఊరి చివర కొత్త కాలనీలో, నీలం గేటు. ముహూర్తం ఎనిమిదీ పదికి.

అప్పటికి ఏడూ నలభై. అదే సంతలో అబ్బులికి మంచి బేరం టైము. కార్తీకం ఆదివారం అరటిగెల కోసం జనం వరసలో నిలబడ్డారు. అతని ట్రక్కు ఆటో దుకాణం వెనకాలే ఉంది. మాణిక్యం దానివైపు చూడలేదు. ఐదేళ్లు కాదన్న మనిషిని ఇవాళ ఏమని అడుగుతుంది? దోవ మాత్రం వివరంగా అడిగి తెలుసుకుని, క్రిస్టీనా చేసిన చిన్న పిడకల పెట్టెలు రెండు చంకలో పెట్టుకుని, రోడ్డుమీద ఆటో దొరుకుతుందని బయల్దేరింది. క్రిస్టీనా వెనకాల పరిగెత్తింది. మిల్లు గేటు దాటకముందే ట్రక్కు ఆటో వచ్చి పక్కన ఆగింది.

“ఎక్కండి పిన్నిగారూ. గింజ ఇవ్వలేదని కూర్చుని ఏడుస్తున్నానా నేను?”

దుకాణం ఎవరు చూస్తారని అడిగింది మాణిక్యం. సత్యదుర్గ చూస్తుందట. అరటిగెలలతో పాటు పొట్టిక్కలు కూడా అంటగడుతుంది, జనానికి లాభమే అన్నాడు.

కాలనీలో మలుపు తిరగ్గానే నీలం గేటు కనబడింది. పందిట్లోంచి పొగ కూడా కనబడింది. ముహూర్తానికి ముందే హోమం మొదలుపెట్టేశారు.

క్రిస్టీనా దూకి లోపలికి పరిగెత్తబోయింది. మాణిక్యం చెయ్యి పట్టుకుని ఆపింది. చెప్పులు గేటు బయట విప్పించింది. ఇద్దరూ పందిరి గుంజ దగ్గర నిలబడ్డారు. పద్మశ్రీ, ఆవిడ భర్త పీటల మీద కూర్చున్నారు. పెద్దవయసు పంతులుగారొకాయన మంత్రం చదువుతూ హోమగుండంలో పిడక ముక్కలు వేస్తున్నారు. గుండంలోంచి టప్, టప్‌మని చప్పుళ్లు. వచ్చిన చుట్టాల్లో ఎవరో కుర్రాడు పేలాలు వేయిస్తున్నారా అన్నాడు. నవ్వేరు. క్రిస్టీనాకి ఆ చప్పుడు గుండెల్లో పేలుతోంది. ఒక్కొక్క టప్పూ ఒక పాదు.

“చెప్పండత్తయ్యా,” అంది గొంతు తగ్గించి. “కాలిపోతున్నాయి.”

“ఆగు. ఆయన మంత్రం మధ్యలో ఉన్నారు.”

“మనకెందుకండీ వాళ్ల మంత్రం?”

“పాస్టరుగారు ప్రార్థనలో ఉండగా ఎవరన్నా వచ్చి పిడకలిమ్మంటే నువ్వూరుకుంటావా?”

వాళ్లు చూస్తుండగానే పంతులుగారు మరో పిడక తీసి విరిచి గుండంలో వేశారు. మాణిక్యం కదల్లేదు. పట్టుకున్న చెయ్యి మాత్రం నొక్కేసింది. క్రిస్టీనా మణికట్టు మీద అయిదు వేళ్లూ దిగాయి. ముప్ఫై ఏళ్ల తన కష్టం కళ్లముందు మండుతుంటే ఎవరి పూజా చెడకూడదని నోరు కట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని క్రిస్టీనా పక్కకి తిరిగి చూసింది. ఇంట్లో ఇన్నాళ్లూ కలిసి అన్నం తిన్నది ఈవిడతోనేనా అనిపించింది.

మంత్రం ఆగింది. పంతులుగారు నెయ్యి కోసం పక్కకి తిరిగారు. అప్పుడు మాణిక్యం ఒక అడుగు ముందుకేసి, ఆ పిడకల్లో గింజలున్నాయని, పొరపాటున అమ్మేశామని, అభ్యంతరం లేకపోతే వాటికి బదులు ఇవి తీసుకోమని పెట్టెలు చూపించింది. పంతులుగారు చేతిలో ఉన్న పిడకని చూసి నెమ్మదిగా విరిచారు. తెల్లటి గింజలు జలజలా ఆయన అరచేతిలో పడ్డాయి.

“ఇందాకట్నుంచీ పేలుతుంటే చెక్కలో నీరుందనుకుంటున్నాను,” అన్నారాయన పద్మశ్రీ వైపు చూసి. “విత్తనాన్ని అగ్నిలో వేయించేవేంటమ్మా నా చేత!”

పద్మశ్రీకి ఎక్కడ లేని సిగ్గూ వచ్చింది. పీట మీంచి లేవకూడదు, లేవలేకపోయింది. చేత్తో చేసినవని తీసుకున్నానండీ, నాకేం తెలుసని అంది.

“చేత్తో చేసినవేనమ్మా,” అంది మాణిక్యం. “అందుకే వచ్చేం.”

పంతులుగారు పాత పిడకల్ని గోనెసంచిలో వేయించి, కొత్తవాటితో హోమం సాగించారు. క్రిస్టీనా చిన్న పిడకలు చక్కగా అంటుకుని, పొగ లేకుండా మండాయి. ఆ సంగతి గమనించే ఓపిక క్రిస్టీనాకి లేదు.

బయటికొచ్చి ఆటో బల్లమీద సంచి ఒంపి చూసుకున్నారు. సగం విరిచినదాన్ని కలిపి ఏడు మిగిలాయి. అయిదు పోయాయి. మాణిక్యం ఒక్కొక్కటే తిప్పి వెనక గీతలు చూసింది. ఒక గీత. రెండు గీతలు. ఒకటి. ఒకటి. రెండు. ఒకటి. ఒకటి. మూడు గీతలది లేదు. మళ్లీ తిప్పి చూసింది. లేదు.

“అదేనండీ మనం నిలబడ్డప్పుడు వేసింది?” అని అడిగింది క్రిస్టీనా. అడక్కుండా ఉండాల్సింది.

“ఏమో,” అంది మాణిక్యం. “ముందేసింది కూడా కావొచ్చు.”

తిరిగి సంతకి వచ్చేసరికి తొమ్మిది. సత్యదుర్గ అబ్బులు గెలలు సగం అమ్మేసి, పిలకలు ఎవరికో తక్కువకి ఇచ్చేసిందట. అబ్బులు దాని మీద గొడవపడుతూ దిగబోతుంటే మాణిక్యం సంచిలోంచి ఒక పిడక తీసి అతని చేతిలో పెట్టింది. వెనకాల రెండు గీతలున్నాయి.

అబ్బులు దాన్ని వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కిరాయికి ఇస్తున్నారేమో, కిరాయి వద్దన్నాడు.

“కిరాయైతే రెండు కాయలు పడేసేదాన్నిరా. ఇది గింజ.”

“ఉన్నవే ఏడు కదండీ పిన్నిగారూ.”

“పన్నెండున్నప్పుడు ఏం చేసేను? అన్నీ ఒకే గోడకి కొట్టేను, ఒకే సంచిలో పెట్టేను. నాకే ఏదన్నా అయితే? ఈ ఏడు వరదకి ఆ గోడే పడిపోతే? ఈ పిల్లది తప్పు కాదు. ముప్ఫై ఏళ్లుగా నాది తప్పు.”

అబ్బులికి వెంటనే హాస్యం తోచలేదు. అతనికి హాస్యం తోచకపోవడం సంతలో ఎవరూ చూడలేదు. పిడకని తువాల్లో చుట్టి ఆటో సీటుకింద పెట్టి, వెళ్లి గెలలు అమ్ముకున్నాడు. మాణిక్యం అంతటితో ఆగలేదు. రెండో పిడక విరిచి, లంకలో తన పక్కమడి చేసుకునే సత్యదుర్గ తమ్ముడికి గుప్పెడు గింజలు కాగితంలో కట్టిచ్చింది. బుడమపాదు పెట్టారో వచ్చి పీకేస్తానని కూడా చెప్పి పంపింది. ఇవ్వడం అలవాటు లేని చెయ్యి కదా, ఇస్తూ కూడా కసురుతోంది.

మధ్యాహ్నానికి పడవ దాటారు. ఏలీయా మూడొందల పాదులు తవ్వి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. మాణిక్యం నాలుగు మాటల్లో జరిగింది చెప్పింది. ఆయన కోడలి వైపు చూసి, నీళ్లు తాగావామ్మా అని అడిగాడు. అంతే. ఆ మాటకి క్రిస్టీనా పొద్దున్న ఏడవాల్సిన ఏడుపు ఏడ్చింది. ఏడ్చి మొహం గోదాట్లో కడుక్కుని వచ్చింది.

ఐదు పిడకలు. అందులో ఒకటి సగమే. మాణిక్యం మోకాలిమీద పెట్టి విరుస్తుంటే క్రిస్టీనా గింజలు పళ్లెంలో పట్టింది. పాదుకి నాలుగు పెట్టేవాళ్లు ఇదివరకు. ఇవాళ రెండు చొప్పున పెట్టినా సగం పాదుల దగ్గరే అయిపోయేలా ఉన్నాయి. మిగతావాటిలో బీరగింజ పెట్టమంది మాణిక్యం. మూడు గీతల కాయ మళ్లీ దొరకాలంటే వచ్చేసారి ఇదివరకటికి రెండింతలు నమలాలని, తన ఒక్క నాలిక సరిపోదని, మామగారి నాలికని నమ్మడానికి లేదని, వీటన్నిటికీ కోడలు సిద్ధంగా ఉండాలని వరసపెట్టి చెప్పింది. క్రిస్టీనా సరేనంటూ ఆయ్ అంది. పెళ్లయ్యాక అత్తగారి మాటకి ఆ పిల్ల నోట ఆయ్ రావడం అదే మొదలు. ఏలీయా తల తిప్పుకుని నవ్వాడు.

నాలుగింటికి మాణిక్యం ఫోను మోగింది. అబ్బులు. ఇంటి వెనకాల పాదు తవ్వేశాడట, గింజ మొన పైకి పెట్టాలా, కిందికి పెట్టాలా అని అడుగుతున్నాడు. ఐదేళ్లు అడిగిన మనిషికి ఇదైనా తెలియదా అని మాణిక్యం కసిరి, చేతులకి మట్టుందని ఫోను కోడలి చెవి దగ్గర పెట్టింది. క్రిస్టీనా చేతులకీ మట్టే. మెడ వంచి ఫోను భుజానికి నొక్కుకుంది.

“మొన కిందికండీ,” అంది. “రెండు వేళ్ల లోతు. మీ పెరట్లో బుడమపాదుందాండీ? అయితే ముందు అది పీకేసి రండి, నేను లైన్లోనే ఉంటాను.”